గొప్ప జట్ల ఊహా పోరు: ముందు ఏ ఏడాది రూల్‌బుక్కో తేల్చండి

క్లైవ్ లాయిడ్ నాటి వెస్టిండీస్, రికీ పాంటింగ్ నాటి ఆస్ట్రేలియా తలపడితే ఎవరు గెలుస్తారన్న వాదన మనకు కొత్త కాదు. అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానులకు ఇలాంటి వాదనంటే మరీ ఇష్టం. 1972 మయామీ డాల్ఫిన్స్, 1985 షికాగో బేర్స్, 1989 శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్, 2007 న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్... ఈ నాలుగు పేర్లు ఎత్తితే చాలు, గంటలు గడిచిపోతాయి. డాలస్ కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం ఉన్న ఫ్రిస్కోలో, ఫార్టీనైనర్స్ స్టేడియం ఉన్న శాంటాక్లారాలో మన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు ఇది సొంత ఆటే కాబట్టి, ఇకపై ఈ వాదన మన ఇళ్లలోనూ వినపడుతుంది. అందుకే దీన్ని కాస్త పద్ధతిగా చేయాలనిపిస్తోంది.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి. బంతిని పట్టుకుని పరుగెత్తొచ్చు, లేదా దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ దాన్ని ముందుకు పరుగెత్తి అందుకునే రిసీవర్‌కు విసరొచ్చు. అంటే రన్ లేదా పాస్. ఈ రెండింటిలో ఏది తేలిక అన్నది ఆటగాళ్ల సత్తా మీద ఎంత ఆధారపడుతుందో, ఆ ఏడాది నియమాల మీదా అంతే ఆధారపడుతుంది. నా వాదనంతా ఈ ఒక్క విషయం చుట్టూనే. ఏ జట్టు గొప్పదని అడిగేముందు, మ్యాచ్ ఏ ఏడాది నియమాలతో జరుగుతుందో చెప్పాలి. అది చెప్పకుండా స్కోరు చెప్పేవాళ్లు తమకు తెలియకుండానే ఒక జట్టు పక్షం తీసుకున్నట్టే.

ఇందులో అసలు గీత 1978. అంతకుముందు డిఫెన్స్ ఆటగాళ్లు రిసీవర్లను మైదానం మధ్యలో కూడా గుద్ది, తోసి దారి తప్పించేవారు. 1972 నాటికైతే బంతి గాల్లోకి లేచేదాకా ఆ స్వేచ్ఛకు హద్దే లేదు. 1978లో ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్, ఆట మొదలయ్యే గీత నుంచి ఐదు గజాల హద్దు పెట్టింది. ఆ ఐదు గజాలు దాటిన రిసీవర్‌ను అడ్డుకోకూడదు. అదే ఏడాది క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే లైన్‌మెన్‌కు చేతులు చాచి, అరచేతులు తెరిచి అడ్డుకునే అనుమతి కూడా వచ్చింది. ఈ రెండు మార్పులతో పాస్ ఆట పుంజుకుంది. 2004లో లీగ్ ఆ ఐదు గజాల నియమాన్ని మరింత కచ్చితంగా అమలు చేయమని రిఫరీలకు చెప్పడంతో ఇంకో మెట్టు ఎక్కింది.

ఇప్పుడు అందరికీ ఇష్టమైన మొదటి జోడీని తీసుకుందాం: డాల్ఫిన్స్, పేట్రియాట్స్. 1972లో కోచ్ డాన్ షూలా డాల్ఫిన్స్ జట్టు లీగ్ దశలో 14, నాకౌట్ పోరైన ప్లేఆఫ్స్‌లో 3, మొత్తం 17 మ్యాచ్‌లూ గెలిచింది. ఫైనల్ అయిన సూపర్ బౌల్ దాకా ఒక్క ఓటమి కూడా లేకుండా టైటిల్ గెలిచిన జట్టు అదొక్కటే. 2007 పేట్రియాట్స్ లీగ్‌లో 16కి 16 గెలిచి, 589 పాయింట్లు చేసి, చివరికి సూపర్ బౌల్‌లో న్యూయార్క్ జెయింట్స్ చేతిలో 17-14తో ఓడిపోయారు. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ ఆ లీగ్ సీజన్‌లో 50 టచ్‌డౌన్ పాస్‌లు, అంటే బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించి పాయింట్లు తెచ్చే పాస్‌లు వేశాడు. అందులో 23 రిసీవర్ ర్యాండీ మాస్‌కే.

డాల్ఫిన్స్ ఆట దీనికి పూర్తిగా భిన్నం. లారీ జొంకా, మెర్క్యురీ మోరిస్ ఇద్దరూ ఆ సీజన్‌లో వెయ్యేసి గజాలు పరుగెత్తారు. ఒకే జట్టులో ఇద్దరు అలా చేయడం అదే మొదటిసారి. జట్టు మొత్తం పరుగు 2,960 గజాలు, అప్పటికి అది రికార్డు. ఆ సూపర్ బౌల్‌లో వాళ్ల క్వార్టర్‌బ్యాక్ బాబ్ గ్రీసీ వేసిన పాస్‌లు మొత్తం 11. పైగా సీజన్‌లో ఎక్కువ భాగం గ్రీసీ గాయంతో బయట ఉంటే, 38 ఏళ్ల ఎర్ల్ మోరల్ జట్టును నడిపించాడు. వాళ్లు ఆ లీగ్ సీజన్‌లో ఆడిన జట్లలో బలమైనవి పెద్దగా లేవన్న విమర్శలో నిజం ఉంది. కానీ ఒక్క ఓటమి కూడా లేని ఆ జట్టు, వేదిక వంతుల ప్రకారం మారే నాటి పద్ధతి వల్ల, సెమీఫైనల్ లాంటి ఏఎఫ్‌సీ ఫైనల్‌ను ప్రత్యర్థి ఊరు పిట్స్‌బర్గ్ వెళ్లి ఆడాల్సి వచ్చింది. అక్కడ 21-17తో గెలిచింది. విమర్శించేవాళ్లు దీన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

2007 నియమాలతో ఆడిస్తే పేట్రియాట్స్ సునాయాసంగా గెలుస్తారు. 1972 నియమాలైతే మాస్‌నీ, వెస్ వెల్కర్‌నీ గీత దగ్గర నుంచే గుద్దుతూ పోతారు. బ్రేడీ బంతిని ఇంకో రెండు క్షణాలు చేతిలో పట్టుకుని ఉండాలి. ఆ రెండు క్షణాలే జెయింట్స్‌తో సూపర్ బౌల్‌లో అతని కొంప ముంచాయి. ఆ రోజు అతను ఐదుసార్లు శాక్ అయ్యాడు, అంటే పాస్ వేయకముందే కిందపడ్డాడు. కాబట్టి పాత నియమాలతో అయితే నేను డాల్ఫిన్స్ పక్షమే.

ఆటగాళ్ల ఒంటి బరువు సంగతేమిటని వెంటనే అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. డాల్ఫిన్స్ లైన్‌లో మేటి అయిన లారీ లిటిల్ బరువు సుమారు 265 పౌండ్లు, అంటే 120 కిలోలు. 2007లో అతని ఎదురుగా నిలబడేది 325 పౌండ్ల విన్స్ విల్‌ఫోర్క్. 1985లో 300 పౌండ్లు దాటిన విలియం పెర్రీ దేశమంతా చెప్పుకునే వింత అయ్యాడు. ఇప్పుడు లైన్‌లో ఆ బరువు మామూలు. టైమ్ మెషీన్‌లో ఎక్కించి ఉన్నవాళ్లను ఉన్నట్టే దింపితే కొత్త జట్టే ప్రతిసారీ గెలుస్తుంది, ఇక వాదించడానికి ఏమీ మిగలదు. పాతవాళ్లకూ ఇప్పటి తిండి, ఇప్పటి జిమ్, ఇప్పటి వైద్యం ఇచ్చామని అనుకున్నప్పుడే ఈ పోలికకు అర్థం ఉంటుంది. నేను అలాగే అనుకుంటున్నాను.

కంప్యూటర్‌ను అడిగితే సరిపోదా అనేవారూ ఉన్నారు. 1970లో మహమ్మద్ అలీ, రాకీ మార్సియానోల మధ్య కంప్యూటర్ తేల్చిన ఊహా బాక్సింగ్ పోరును అమెరికా థియేటర్లలో చూపించారు. అందులో 13వ రౌండ్‌లో మార్సియానో గెలిచాడు. ఐరోపాలో వేసిన ముగింపులో అలీ గెలిచాడు. లోపల ఏ లెక్కలు వేశారో, ఏ నియమాలు పెట్టారో చెప్పని ఏ సిమ్యులేషన్‌నైనా నేను అంతవరకే నమ్ముతాను.

కంప్యూటర్ కన్నా నమ్మదగిన సాక్ష్యం కొన్ని జోడీలకు నిజంగానే ఉంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన జోడీ అదే: 1985 బేర్స్, 1989 ఫార్టీనైనర్స్.

బేర్స్ ఆ ఏడాది 15 గెలిచి ఒకటి ఓడారు. ప్లేఆఫ్స్‌లో జెయింట్స్‌ను 21-0తో, రామ్స్‌ను 24-0తో, సూపర్ బౌల్‌లో పేట్రియాట్స్‌ను 46-10తో చిత్తు చేశారు. హెడ్ కోచ్ మైక్ డిట్కా అయినా, ఆ డిఫెన్స్‌ను తయారుచేసింది బడ్డీ ర్యాన్. డగ్ ప్లాంక్ అనే ఆటగాడి జెర్సీ నంబర్‌తో 46 డిఫెన్స్ అని పిలిచేవారు దాన్ని. ఎక్కువమందిని గీత దగ్గరే నిలిపి, ఎవరు దూసుకొస్తారో క్వార్టర్‌బ్యాక్‌కు అర్థం కాకుండా మీద పడటం దాని పద్ధతి. ఫార్టీనైనర్స్ సంగతీ తక్కువేం కాదు. 14 గెలిచారు, రెండే ఓడారు. ఆ రెండు ఓటములూ కలిపి తేడా 5 పాయింట్లు. ప్లేఆఫ్స్ మూడు మ్యాచ్‌ల్లో 126 చేసి 26 ఇచ్చారు. క్వార్టర్‌బ్యాక్ జో మోంటానా ఆ మూడింట్లో 11 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు, ఒక్క బంతీ ప్రత్యర్థి చేతిలో పడలేదు. సూపర్ బౌల్‌లో డెన్వర్‌పై 55-10తో గెలిచారు. అంత తేడాతో గెలిచిన సూపర్ బౌల్ మరొకటి లేదు.

ఇక సాక్ష్యం. 1985 అక్టోబర్‌లో ఈ బేర్సే శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి 26-10తో గెలిచి, మోంటానాను ఏడుసార్లు శాక్ చేశారు. ఇక్కడితో ఆగితే బేర్స్‌దే పైచేయి. కానీ 1989 సెప్టెంబర్‌లో ఏం జరిగిందో చూడండి. బడ్డీ ర్యాన్ అప్పటికి ఫిలడెల్ఫియా ఈగిల్స్ హెడ్ కోచ్. రెజ్జీ వైట్, జెరోమ్ బ్రౌన్ లాంటివాళ్లతో అదే డిఫెన్స్ అక్కడా నిలబెట్టాడు. ఆ రోజు ఈగిల్స్ చేతిలో మోంటానా ఎనిమిదిసార్లు శాక్ అయ్యాడు. ఆటలో నాలుగో భాగమైన చివరి క్వార్టర్ మొదలయ్యేసరికి జట్టు వెనకబడి ఉంది. ఆ ఒక్క క్వార్టర్‌లో నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు వేసి 38-28తో గెలిపించాడు. ఎనిమిదిసార్లు నేలకేసి కొట్టిన డిఫెన్స్ మీదే లేచి ఆ పని చేశాడు. ఈ ఊహా మ్యాచ్‌కు ఇంతకన్నా దగ్గరి నమూనా దొరకదు.

దీనికి తోడు బేర్స్ ఓడిన ఆ ఒక్క మ్యాచ్ కూడా ఇదే చెబుతుంది. మయామీలో డాల్ఫిన్స్ క్వార్టర్‌బ్యాక్ డాన్ మరీనో బంతిని చటుక్కున వదిలేస్తూ, అదనపు రిసీవర్‌ను బేర్స్ డిఫెన్స్ రెండో వరుసలోని లైన్‌బ్యాకర్ల మీదికి పంపుతూ సగం ఆటకే స్కోరు 31-10 చేశాడు. చివరికి 38-24. ఆ డాల్ఫిన్స్ కోచ్ కూడా డాన్ షూలాయే. ఓటమి లేని తన 1972 జట్టు రికార్డును తానే కాపాడుకున్నట్టయింది. 46 డిఫెన్స్‌కు విరుగుడు త్వరగా వదిలే పొట్టి పాస్ అని ఆ రాత్రే తేలింది. ఫార్టీనైనర్స్ బతికేదే ఆ పాస్ మీద. 1985 నియమాలకూ 1989 నియమాలకూ పెద్ద తేడా లేదు కాబట్టి ఇక్కడ రూల్‌బుక్ గొడవ కూడా లేదు. మొదటి మూడు క్వార్టర్లు షికాగోవి, మ్యాచ్ శాన్‌ఫ్రాన్సిస్కోది అంటాను.

అయితే ఫార్టీనైనర్స్‌కే కిరీటం పెట్టేయొచ్చా? నాకూ మొదట అలాగే అనిపిస్తుంది. వాళ్ల పాస్ పద్ధతి కేవలం కొత్త నియమాల చలవ కూడా కాదు. తర్వాత ఫార్టీనైనర్స్ కోచ్ అయిన బిల్ వాల్ష్ దాన్ని 1970లో సిన్సినాటిలో, దూరం విసరలేని వర్జిల్ కార్టర్ కోసం అల్లాడు. తర్వాత అదే జట్టులో కెన్ ఆండర్సన్ 1974, 1975లలో పాస్‌ల నాణ్యతను కొలిచే పాసర్ రేటింగ్‌లో లీగ్‌లోకెల్లా మెరుగ్గా నిలిచాడు. అంటే 1978 మార్పుకు ముందే అది పనిచేసింది. కానీ సిన్సినాటి టైటిల్ గెలవలేదు. పైగా 1989 జట్టులో మోంటానా వెనక బెంచి మీద కూర్చున్నది మరో మేటి క్వార్టర్‌బ్యాక్ స్టీవ్ యంగ్. జీతాలకు పరిమితి 1994లో వచ్చింది. ఆ తర్వాత అలాంటి ఇద్దరిని ఒకే జట్టులో ఉంచుకోవడం ఎంతో కష్టం.

రెండు రూల్‌బుక్‌లతోనూ టైటిళ్లు గెలిచి చూపించిన జట్టు ఒకటుంది. అది పిట్స్‌బర్గ్ స్టీలర్స్. ఊహా పోటీల్లో వాళ్ల పేరు నాలుగో స్థానంలోనో ఐదో స్థానంలోనో వినపడటం నాకు నిజంగా బాధగా ఉంటుంది. కోచ్ చక్ నోల్ జట్టు 1974, 1975 సీజన్లలో పాత నియమాలతో, 1978, 1979 సీజన్లలో కొత్త నియమాలతో, ఆరేళ్లలో నాలుగు సూపర్ బౌల్స్ గెలిచింది. మొదటి టైటిల్ మ్యాచ్‌లో క్వార్టర్‌బ్యాక్ టెర్రీ బ్రాడ్‌షా పాస్‌ల మీద వచ్చింది 96 గజాలే. ఫ్రాంకో హ్యారిస్ 158 గజాలు పరుగెత్తాడు, మిగతాది డిఫెన్స్ చూసుకుంది. టైటిల్ దక్కని 1976లో కూడా ఆ డిఫెన్స్ చివరి తొమ్మిది లీగ్ మ్యాచ్‌ల్లో కలిపి ఇచ్చింది 28 పాయింట్లు. అందులో ఐదు మ్యాచ్‌ల్లో ప్రత్యర్థికి సున్నా.

1978 ఐదు గజాల నియమాన్ని ఇప్పటికీ మెల్ బ్లౌంట్ రూల్ అని పిలుస్తారు. స్టీలర్స్ తరఫున రిసీవర్లను కాపలా కాసే కార్నర్‌బ్యాక్ బ్లౌంట్ వాళ్లను అంతగా నలిపేసేవాడు. తమ బలం మీదే దెబ్బపడిన ఏడాది ఆ జట్టు ఏం చేసింది? రిసీవర్లు లిన్ స్వాన్, జాన్ స్టాల్‌వర్త్ ఇద్దరినీ పొడవాటి పాస్‌లకు వాడుకుంది. బ్రాడ్‌షా లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా (ఎంవీపీ) ఎంపికయ్యాడు. సూపర్ బౌల్‌లో డాలస్ మీద 318 గజాలు, నాలుగు టచ్‌డౌన్‌లు విసిరి 35-31తో గెలిపించాడు. అదే సీజన్‌లో లీగ్ మొత్తంలో తక్కువ పాయింట్లు ఇచ్చిన డిఫెన్స్ కూడా వాళ్లదే, 195. నియమం మారితే కూలిపోయిన గొప్ప జట్లు ఉన్నాయి. నియమం మారిన ఏడాదే ఇంకో విధంగా ఆడి, లీగ్‌లో 14 గెలిచి రెండే ఓడి, టైటిల్ ఎత్తిన ఈ జట్టుకు నా లెక్కలో ఎక్కువ విలువ.

కాబట్టి నా ఊహా ఫైనల్ 1978 స్టీలర్స్, 1989 ఫార్టీనైనర్స్. రూల్‌బుక్ 1978ది. అందులో మొదటి ఐదు గజాల్లో రిసీవర్‌ను గుద్దడం తప్పు కాదు. మోంటానా, అతని రిసీవర్ జెర్రీ రైస్‌ల టైమింగ్ కుదిరేదీ ఆ ఐదు గజాల్లోనే. ఆ దూరమంతా రైస్ ముందు బ్లౌంట్ ఉంటాడు. మధ్యలోకి వచ్చే పొట్టి పాస్‌ల దారిలో స్టీలర్స్ లైన్‌బ్యాకర్ జాక్ లాంబర్ట్ నిలబడి ఉంటాడు. ఫార్టీనైనర్స్ డిఫెన్స్‌లో రోనీ లాట్ ఎంత కొట్టినా స్వాన్, స్టాల్‌వర్త్‌లలో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఆ డిఫెన్స్‌ను దాటి దాని వెనక్కి జారిపోతారు. మోంటానా చివరి ఐదు నిమిషాల్లో ఏం చేయగలడో తెలుసు కాబట్టి తేడా పెద్దగా ఉండదు. నా స్కోరు: స్టీలర్స్ 24, ఫార్టీనైనర్స్ 20. రిఫరీ చేతిలో 2007 రూల్‌బుక్ పెట్టి అడిగితే మాత్రం ఫార్టీనైనర్స్ 34, స్టీలర్స్ 24 అంటాను.