ఫోన్ మ్యాప్‌లోని నీలం చుక్కలకి ఒక వైజాగోడి ఉత్తరం

నడక దారి చూపించే నీలం చుక్కల గారికి,

నమస్కారాలండీ. మీరు కులాసాగా ఉన్నారని తలుస్తాను, మీకేం, మీకు మోకాళ్లు లేవు కదా.

నేను పుట్టి పెరిగింది విశాఖపట్నం చినవాల్తేరులోనే, ఇన్నాళ్లూ మీ జోలికి రాలేదు, మా వీధి చివర టీ కొట్టుకి వెళ్లడానికి మీ సాయం అక్కర్లేదు కాబట్టి. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే మొన్న మా అక్కావాళ్లాయన, అంటే మా బావ, హైదరాబాద్ నుంచి దిగాడు. బావా రేపు సెలవు పెట్టాను, బండి మీద ఊరంతా తిప్పుతా అన్నానా, "వద్దు బామ్మర్దీ, ఊరంటే నడిచి చూడాలె, ఫోన్ల మ్యాప్ ఉంది గదా, నువ్వు పండుకో" అన్నాడు. పొద్దున్న అయిదున్నరకి కొత్త షూస్ వేసుకుని మిమ్మల్ని నమ్ముకుని వెళ్లిపోయాడు. ఇప్పుడు తొమ్మిదిన్నరైంది. ఉప్మా రెండుసార్లు వేడి చేశారు. మా అక్క నన్ను చూస్తోంది, నేను మీకు రాస్తున్నా.

విషయానికొస్తే, సిరిపురం జంక్షన్ నుంచి బీచ్‌కి ఎంతసేపు నడవాలి అంటే మీరు ఏదో నిమిషాల లెక్క చెప్తారు, బీచ్ నుంచి సిరిపురానికి ఎంతసేపు అన్నా ఇంచుమించు అదే లెక్క చెప్తారు, అక్కడే దొరికిపోయారు మీరు ఈ ఊరోళ్లు కాదని. దిగడం వేరు ఎక్కడం వేరని మా దగ్గర ఎల్‌కేజీ పిల్లాడికి కూడా తెలుసు, స్కూల్‌కి వెళ్లేటప్పుడు ఏడుస్తాడు, వచ్చేటప్పుడు పరిగెడతాడు, వాళ్లమ్మ అది చదువు మీద ఏడుపనుకుంటుంది గానీ సగం ఏడుపు ఎత్తు మీద. 1892లోనే నైస్మిత్ అని స్కాట్లాండ్‌లో కొండలెక్కే పెద్దమనిషి ఒకాయన లెక్క కట్టి పెట్టాడు, చదును నేలైతే గంటకి ఇంచుమించు 5 కిలోమీటర్లు, ఎక్కాల్సొస్తే ప్రతి 100 మీటర్ల ఎత్తుకీ ఇంకో 10 నిమిషాలు కలుపుకోండి అని. ఆయనేమో స్కాట్లాండ్ చలిలో లెక్కేశాడు, మే నెల మధ్యాహ్నం మా ఊళ్లో ఉక్కపోతకి ఎంత కలపాలో చెప్పకుండా పోయాడు. మా ఎండ హైదరాబాద్ ఎండలా కాల్చదండి, ఉడకబెడుతుంది. ఇడ్లీపాత్రలో ఇడ్లీకి ఎలా ఉంటుందో అలా.

మీకు కోపమొచ్చినా సరే ఒకటి చెప్పాలి, ఇక్కణ్ణించి నువ్వు అనే అంటా, ఇంతసేపు గారు అంటే నాకే నవ్వొస్తోంది.

మా ఊళ్లో ఏ రోడ్డు ఎత్తో ఏ రోడ్డు పల్లమో తెలుసుకోడానికి శాటిలైట్ అక్కర్లేదు, తెలుగు వస్తే చాలు. ఆశీలుమెట్ట, పందిమెట్ట అన్నారా, మెట్ట అంటే ఎత్తు నేల, నీళ్ల సీసా చేతిలోకి తీసుకో. హనుమంతవాక అన్నారా, వాక అంటే వాగు, పల్లంలోకి దిగుతున్నావు, వానాకాలమైతే ప్యాంటు మడిచెయ్. గెడ్డ అన్నా అంతే. సీతమ్మధార, మాధవధార అన్నారా, ధార పడాలంటే పైన ఏదో ఉండాలి కదా, తలెత్తి చూడు కొండ కనిపిస్తుంది. తెల్లదొరలకి ఇవేవీ నోరు తిరక్కపోయినా కాళ్లు మాత్రం బాగానే నొప్పెట్టినట్టున్నాయి, వాళ్లూ వాల్తేరు అప్‌ల్యాండ్స్ అని అదే మాట ఇంగ్లీషులో పెట్టి పోయారు. ఇక కేజీహెచ్ డౌన్, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రి పక్కన దిగే రోడ్డు, దాని సంగతి చెప్పక్కర్లేదు, డౌన్ అనేదే అడ్రస్ అయిపోయిన ఊరు నాకు తెలిసి ఇదొక్కటే. చిన్నప్పుడు సైకిల్ మీద ఆ డౌన్‌లో బ్రేక్ పట్టకుండా దిగాలని మాకు పందేలుండేవి, పక్కనే అంత పెద్దాసుపత్రి ఉందన్న ధైర్యం. ఇవన్నీ షాపుల బోర్డుల మీద రాసే ఉంటాయి, నువ్వు వాటిని వట్టి పేర్లనుకున్నావు.

ఇక గోడ సంగతి. ఆర్నెల్ల కిందట పాత ఊరి వైపు ఒకరింట్లో పెళ్లి కార్డు ఇవ్వాల్సొచ్చి, టైమ్ లేదని, సిగ్గొదిలేసి నిన్ను ఓపెన్ చేశా. నువ్వు రోడ్డు మీంచి ఎడమకి తిప్పి, సందులోంచి ఇంకో సందులోకి తీసుకెళ్లి, ఒక కొండవాలు వీధిలో వదిలావు. వీధంటే మెట్లే. ఏ కొండో చెప్పను, అక్కడివాళ్లకి నాలాంటోళ్లు ఇప్పటికే ఎక్కువైపోయారు. నా ముందు గ్యాస్ కుర్రాడు, భుజం మీద గోనెపట్టా మడత, దాని మీద సిలిండర్, పది పన్నెండు మెట్లకోసారి దించి ఒక చేత్తో మొహం తుడుచుకుంటూ రెండో చేత్తో సిలిండర్ దొర్లిపోకుండా పట్టుకుంటున్నాడు. ఎన్ని మెట్లు బాబూ అంటే తడుముకోకుండా 112 అన్నాడు, ఖాళీ సిలిండర్‌కి కూడా 112యే అన్నాడు. పైకి వెళ్లేసరికి నువ్వు "నేరుగా వెళ్లండి" అంటున్నావు, నేరుగా గోడ ఉంది. రాయీ సిమెంటూ వేసి నాకంటే రెండింతలెత్తు, వానలకి కొండ జారకుండా కట్టిన గోడ. పక్కన గుమ్మంలో ఒక మామ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చెరగడం ఆపి, "ఫోన్ సూసుకొచ్చినావేటి బాబూ? గోడ కట్టీసి నాలుగేళ్లయిపోనాది. నెలకి నలుగురొస్తారు నీలాగ" అంది. మరి దారెటమ్మా అంటే గడ్డంతో చూపించింది, కిందికి. గ్లాసుడు నీళ్లు మాత్రం ఇచ్చింది. ఆ నీళ్లు ఆవిడ కింద కుళాయి దగ్గర బిందెతో పట్టుకొచ్చినవని తాగేశాక తెలిసింది, 112 మెట్లు దిగుతూ ఆ గ్లాసు గురించే ఆలోచించా, పెళ్లి కార్డు అడ్రస్ సంగతే మర్చిపోయా.

నీకు కొండవాలు ఇళ్లు కనిపించవు, గీతలే కనిపిస్తాయి. ఈ ఊళ్లో కొండల్ని నిజంగా నడిచేది టూరిస్టులు కాదురా నాయనా, బిందెలు మోసేవాళ్లు.

సరే, ఏడవడం ఆపి పనికొచ్చేది చెప్తా, రాత్రి మా బావకి వాట్సాప్‌లో ఇదే పెట్టా, బొటనవేలు బొమ్మ పంపించి పడుకున్నాడు. ఈ ఊళ్లో నడకకి ఉన్నది ఒకటే సూత్రం, ఎక్కడానికి చక్రాలు దిగడానికి కాళ్లు. కైలాసగిరికి రోప్‌వేలోనో ఆటోలోనో పైకెళ్లి, శివపార్వతుల దగ్గర ఫోటో దిగి, మెట్ల దారిన కిందికి రా, సముద్రం ఎదురుగా ఉంటుంది, ఎక్కేటప్పుడైతే నీ వెనకాల ఉంటుంది, ఎవడు చూస్తాడు. దిగేటప్పుడు మోకాలు వణికితే అడ్డంగా అడుగులెయ్యి, వానలు పడ్డాక రాతి మెట్ల మీద నాచు ఉంటుంది, హవాయి చెప్పులతో అస్సలొద్దు. బీచ్ రోడ్డులో ఆర్కే బీచ్ దగ్గర పొద్దున్నపూట బండ్లు ఆపేస్తారు, అప్పుడు రోడ్డంతా మనదే, సబ్‌మెరైన్ దగ్గర మొదలెట్టి మెల్లిగా వెళ్లొచ్చు. సబ్‌మెరైన్ దగ్గర ఆపు అని ఆటో అతనికి చెప్పగలిగే ఊరు ఇదే, కుర్సురా అని పాత నేవీ జలాంతర్గామి, 2002 నుంచి ఇసకలో మ్యూజియంగా కూర్చుంది, సోమవారం వెళ్తే బయట్నించి చూసి రావాలి. సాయంత్రమైతే మురీ మిక్చర్, అదే మరమరాల మిక్చర్, తిను, నీళ్లలోకి మాత్రం మోకాలు దాటి దిగకు, చూడ్డానికి బుద్ధిమంతురాలిలా ఉంటుంది గానీ ఆ అలలు కాళ్ల కింద ఇసకతో సహా లాక్కుపోతాయి. ఇంకోటి, బీచ్‌లో సన్‌సెట్ ఎక్కడ అని అడిగేవాళ్లకి ఎన్నిసార్లు చెప్పాలో తెలీదు, మాది తూర్పు తీరం బాబూ, సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కొండల వెనక్కి పోతాడు, సముద్రంలో మునగడు, దానికోసం ఆరింటిదాకా సముద్రం వైపు తిరిగి కూర్చోకు.

డాల్ఫిన్ నోస్ అని సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ ఉంది, దాని దగ్గర నువ్వు చేసే మోసం వేరు. పాత ఊళ్లో పోర్టు పక్కన వరసగా మూడు కొండలున్నాయి, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, మధ్య దాని మీద మేరీమాత చర్చి, మూడోదాని మీద దర్గా. మధ్య కొండ మీద 1864లో రాస్ దొర ఇల్లు కట్టుకున్నాడని దానికి రాస్ హిల్ అని పేరు. మూడూ చిన్నవే, ఒక్క పొద్దున్న ముగ్గురి దగ్గరికీ వెళ్లి మోకాళ్ల గురించి ముగ్గురికీ మొక్కుకోవచ్చు, ఎవరో ఒకరు వినకపోతారా. రాస్ హిల్ మీద నిలబడితే ఎదురుగా డాల్ఫిన్ నోస్ చెయ్యి చాపితే అందేలా ఉంటుంది, నీ మ్యాప్‌లోనూ పక్కనే ఉంటుంది, కొత్తవాళ్లు అదిగో అక్కడికి నడిచెళ్లిపోదాం అంటారు. మధ్యలో పోర్టు నీళ్లు, ఓడలు. ఆ కొండ గాలివానకి అడ్డుగా ఉండబట్టే కదా 1933లో ఇక్కడ హార్బర్ తెరిచారు, నువ్వు నడవడానికి కాదు. రోడ్డు మీద వెళ్లాలంటే ఊరు చుట్టి మల్కాపురం వైపు నుంచి తిరిగి రావాలి. కాకికైతే దగ్గరే.

నీడ గురించి కూడా నీకేం తెలీదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు యూనివర్సిటీలో, వాల్తేరులో చెట్లు అగ్గిపుల్లల్లా పడిపోయాయి, మర్నాడు బయటికొస్తే మా ఊరు మాకే తెలీలేదు, చెట్ల వెనక ఇన్ని కొండలున్నాయా అనుకున్నాం. తర్వాత పెంచినవి పెరుగుతున్నాయి గానీ పదకొండు గంటలకి ఏ రోడ్డులో ఎటువైపు నీడుంటుందో మా పాలవాడికి తెలుసు, అతను సైకిల్ ఆ వైపే తొక్కుతాడు, నువ్వు మాత్రం ఎండలోంచి తీసుకెళ్లి రెండు నిమిషాలు కలిసొచ్చాయంటావు.

భీమిలి వైపు తొట్లకొండ ఉంది, 900K నంబరు బస్సెక్కి దిగి పైకి నడవాలి. రెండు వేల ఏళ్ల కిందట అక్కడున్న బౌద్ధ భిక్షువులు రాతిలో తొట్లు తొలిచి నీళ్లు నిలవ చేసుకున్నారు, కొండ పేరే దాన్నించి వచ్చింది. పక్కన బావికొండ. చూశావా, మళ్లీ పేర్లే, కొండెక్కేముందు నీళ్ల సంగతి చూసుకోమని. మా బావ సీసా తీసుకెళ్లలేదు.

ఇంత తిట్టినందుకు ఒక మంచి దారి కూడా చెప్తా, నీ దగ్గర లేనిది. ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు సింహాచలం కొండ మెట్ల మొదట్లో ఉన్న తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి జనం గిరిప్రదక్షిణకి బయల్దేరతారు, అడివివరం, హనుమంతవాక, జోడుగుళ్లపాలెం దగ్గర సముద్రంలో స్నానం, అప్పుఘర్, వెంకోజీపాలెం, సీతమ్మధార, మాధవధార, ఎన్ఏడీ జంక్షన్, గోపాలపట్నం, మళ్లీ సింహాచలం అప్పన్న స్వామి దగ్గరికి, 32 కిలోమీటర్లు, లక్షల మంది, చాలామంది చెప్పుల్లేకుండా. మెట్టా వాకా ధారా సముద్రం కొండా అన్నీ ఒకే రాత్రిలో కాళ్లకి తెలిసిపోతాయి. దారి పొడుగునా ఇళ్లవాళ్లు మజ్జిగ, పులిహోర, అరటిపళ్లు పెడుతుంటారు, కొందరు గుమ్మంలో పైపు పట్టుకుని నడిచేవాళ్ల పాదాల మీద నీళ్లు కొడతారు. మా అమ్మ 60 దాటాక రెండుసార్లు చేసింది. దారెలా తెలిసిందే అంటే, ముందున్నావిడ మడమలు చూసుకుంటూ పోయానురా అంది, పసుపు రాసుకున్న మడమలంట, ఎన్ఏడీ దగ్గర ఆవిడ కూర్చుండిపోతే ఈవిడా కూర్చుందంట, లేస్తే లేచిందంట. ఎన్ని గంటలు పట్టిందో ఇప్పటికీ చెప్పలేదు, అడిగితే అప్పన్నకి తెలుసంటుంది. నీలాగ ఇంకా పన్నెండు నిమిషాలు, ఇంకా పన్నెండు నిమిషాలు అని ఎవరూ అనలేదు మరి.

ఇంకా రాద్దామనుకున్నా, బ్యాటరీ తాగెయ్యడం గురించీ, కొండ వెనకాల సిగ్నల్ పోయినప్పుడు నువ్వు సముద్రం మధ్యలో నన్ను నిలబెట్టడం గురించీ. కానీ ఫోన్ మోగింది. బావే.

"బామ్మర్దీ, ఏదో గోడ అడ్డమొచ్చింది, ముంగటికి తొవ్వ లేదు. మస్తు మెట్లెక్కిన. ఈడ ఒక పెద్దమ్మ నన్ను జూసి ఒక్కతీర్గ నవ్వుతుంది, ఈ నెల నేను ఐదోవాణ్ణంట."

నీళ్లిచ్చిందా బావా అన్నా. ఇచ్చిందన్నాడు. తాగొద్దు, నేను సీసా తెస్తున్నా అనేలోపే గుటక వినిపించింది. అక్క ఉప్మా బాక్స్‌లో పెడుతోంది, మామ్మకి కూడా పెట్టమన్నా, ఒక బిందెడు నీళ్లు కింద పట్టి పైకి మొయ్యాలి మా బావ చేత, నా చేత కూడా. బండి పైదాకా పోదు కదా.

ఇట్లు,
112 మెట్లు ఎక్కబోతున్నవాడు
చినవాల్తేరు, విశాఖపట్నం