ఒక టీచరు, రెండు తరగతులు

ఢిల్లీలో పొగ కమ్ముకుంటే చాలు, ఐదో తరగతి వరకు హైబ్రిడ్ చదువు మొదలైపోతోంది. రాగలిగినవారు బడికి రావచ్చు, మిగతావారు ఇంట్లో ఫోనులో వినొచ్చు. పాఠం ఒకటే, వేళ ఒకటే, టీచరూ ఒక్కరే. 2024 నవంబరు 25న సుప్రీంకోర్టు పరిశీలించమన్నాక వాయునాణ్యత కమిషన్ రాత్రికి రాత్రి తెచ్చిన ఏర్పాటు ఇది. ఆపద్ధర్మమని అందరూ సరిపెట్టుకున్నారు. ఆ తర్వాత అదే గ్రాప్ (కాలుష్యం పెరిగేకొద్దీ దశలవారీగా ఆంక్షలు పెట్టే ప్రణాళిక) మూడో దశ నిబంధనల్లోకి ఎక్కింది. 2025 నవంబరులో ఏ కోర్టూ చెప్పనక్కర లేకుండానే అమలైంది. మా భయమల్లా ఈ అలవాటు గురించే.

బడులు పూర్తిగా మూసేయడం కన్నా ఇది నయం కదా అంటున్నారు. పిల్లల ఊపిరితిత్తులు ముఖ్యమే, కాదనం.

కానీ ఆ తరగతి గదిలోకి ఒక్కసారి తొంగి చూడండి. టీచరు పుస్తకాల దొంతరకు ఫోను ఆనించి బోర్డు వైపు తిరుగుతుంది. కిటికీ వెలుతురు పడి ఫోనులో బోర్డు మెరుపే తప్ప అక్షరం కనపడదు. వెనక బెంచీలో పిల్లాడు అడిగిన సందేహం ఇంట్లో ఉన్నవాళ్లకు వినపడదు. ‘టీచర్, వాయిస్ రావట్లేదు’ అని ఫోనులోంచి కేక. ఆమె అటు పరుగెడితే ఎదురుగా ఉన్న పిల్లలంతా పెన్సిళ్లు పట్టుకుని దిక్కులు చూస్తారు. ఒకటో తరగతి బిడ్డకు అక్షరం దిద్దించాలంటే చేయి పట్టుకోవాలి. ఫోనులోంచి ఎవరు పట్టుకుంటారు? 2022 ఫిబ్రవరిలో బడులు తెరిచాక కూడా ఆన్‌లైన్ పాఠాలు కొనసాగించాలని తెలంగాణ హైకోర్టు చెప్పినప్పుడు, ఈ రెండు పడవల ప్రయాణం మన టీచర్లకూ తప్పలేదు.

2023-24 లెక్కల్లో ఇంటర్నెట్ ఉన్న బడులు దేశంలో 53.9 శాతమే. పేదింట్లో ఉన్న ఒక్క ఫోనూ తండ్రి జేబులో పనికి పోతుంది. మధ్యాహ్న భోజనం ఆన్‌లైన్‌లో రాదు. ఈ మాట సుప్రీంకోర్టే ఎత్తి చూపింది. గాలి శుద్ధి యంత్రం లేని ఇంట్లో ఉన్నా, బడిలో ఉన్నా పెద్ద తేడా లేదనీ అంది.

ఈరోజు పొగ సాకు. రేపు ఎండలు, ఎల్లుండి వానలు. ఆపైన ఖాళీ పోస్టులు నింపకుండా ఒక టీచరును కెమెరా ముందు నిలబెట్టి పది బడులకు చూపిస్తామంటే అడ్డుకునే నైతిక బలం ఎవరికుంటుంది? ఒకసారి ఒప్పుకున్నారుగా అంటారు.

గాలిని బాగు చేయాల్సినవారు ఆ పని వదిలేసి, టీచరు చేతికి ఫోనులో ఇంకో తరగతి అంటగట్టి చేతులు దులుపుకుంటున్నారు. హైబ్రిడ్ తప్పదనుకుంటే ప్రతి గదికీ మైకు, ఆన్‌లైన్ పిల్లలకు వేరే టీచరు ఇవ్వండి. ఇవ్వలేకపోతే నిబంధనల్లోంచి ఆ వాక్యం కొట్టేయండి.