జ్వరం ఉందని చెప్పడానికీ స్తోమత కావాలి

2021 మే నెలలో, కరోనా సమయంలో, తెలంగాణలో జరిగిన ఇంటింటి జ్వర సర్వే అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆశా కార్యకర్త గుమ్మం దగ్గరే నిలబడి జ్వరం, దగ్గు, ఒళ్లు నొప్పులు ఉన్నాయా అని అడిగేది. ఉన్నాయంటే మందుల కిట్ ఇచ్చేది. మంచి పనే. కాకపోతే ఆ సర్వే నడిచింది జనం నోటిమాట మీద. ఆ నోటిమాటను ఇంటి ఆదాయమే శాసిస్తుందన్న సంగతి మన ప్రభుత్వాలకు ఇప్పటికీ పట్టలేదు.

నెలజీతం వచ్చే ఇంట్లో గొంతు గరగరలాడితే చాలు, పరీక్ష చేయించుకుంటారు, సెలవు పెడతారు, వేరే గదిలో పడుకుంటారు. అడ్డా కూలీ జ్వరమని నోరు తెరిస్తే రెండు వారాల తిండి పోతుంది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ నుదుటికి థర్మల్ గన్ పెడతాడని తెలిసి, ఇంటి దగ్గరే పారాసెటమాల్ వేసుకుని పనికి బయల్దేరిన ఆడవాళ్లున్నారు. ఒంట్లో ఎలా ఉందని అడిగితే 'బాగానే ఉన్నానమ్మా' అనే అంటారు. ఇంకేమంటారు?

ఆర్థికవేత్త అమర్త్య సేన్ 2002లోనే ఈ చిక్కు ఎత్తిచూపారు. ఆయుర్దాయంలో ముందున్న కేరళ జనం జబ్బులు ఎక్కువ చెబుతారు, వెనకబడిన బిహార్ జనం తక్కువ చెబుతారు. 2017-18 జాతీయ నమూనా సర్వేలోనూ అంతే. గడిచిన 15 రోజుల్లో జబ్బుపడ్డామన్నవాళ్లు పట్టణాల్లో 9.1 శాతం, పల్లెల్లో 6.8 శాతం. డాక్టరు దొరకని పల్లె ఆరోగ్యంగా ఉందని ఎవరైనా నమ్ముతారా?

కష్టజీవులకు కరోనా అంటదన్న మాట అప్పట్లో ఊరూరా వినిపించింది. 2020 జులైలో ముంబైలోని మూడు వార్డుల్లో నోటిమాట వదిలేసి రక్తం పరీక్షిస్తే, మురికివాడల్లో 57 శాతం మందిలో యాంటీబాడీలు, అంటే కరోనా సోకిందనడానికి గుర్తులు, కనిపించాయి. మిగతా నివాసాల్లో 16 శాతమే.

ఆరోగ్యం బాగాలేదని పేదలే ఎక్కువగా చెబుతున్నట్టు చాలా దేశాల సర్వేల్లో తేలింది కదా అంటారు కొందరు. నిజమే. మొత్తమ్మీద మీ ఆరోగ్యం ఎలా ఉందన్న ప్రశ్నకు జవాబు చెబితే ఎవరూ పనిలోంచి తీసేయరు. ఈ రోజు జ్వరం ఉందా అన్న ప్రశ్న అలాంటిది కాదు.

అందుకే నేను అడిగేది జబ్బు సెలవు, జీతంతో. నెలకు 21,000 రూపాయల లోపు జీతమున్న ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా పథకం) చందాదారుకు జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల వరకు 70 శాతం వేతనం వస్తుంది. అడ్డా కూలీకి, ఇళ్లలో పనిచేసే మనిషికి, తోపుడుబండి నడుపుకునేవాడికి ఏదీ ఆ హక్కు? ఆరోగ్యశ్రీ ఆస్పత్రి బిల్లు కడుతుంది, పోయిన కూలి కట్టదు. ఆ లోటు పూడ్చడానికే ఆంధ్రప్రదేశ్ 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా తెచ్చింది. చికిత్స తర్వాత కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000 ఇచ్చింది. అంటే చేయాలనుకుంటే చేయొచ్చు. అదే సాయాన్ని ఆస్పత్రి మెట్లెక్కకుండా ఇంట్లోనే జ్వరంతో పడుకున్న కూలీకీ రెండు రాష్ట్రాలూ ఇవ్వాలి. ఇంకో మహమ్మారి వచ్చేదాకా ఆగకుండా వచ్చే డెంగీ సీజన్ నుంచే మొదలుపెట్టాలి. ఆశా కార్యకర్త రాసుకున్న పేరే అర్హతగా సరిపోవాలి, జిరాక్సుల కోసం జ్వరంతో ఉన్న మనిషిని సచివాలయాల చుట్టూ తిప్పకూడదు.