అప్పుచేసి కొన్న పొయ్యి

'ఫెరారీ దగ్గరే లేదు, మనకెందుకు?' 1980లలో లాంబోర్గిని యాజమాన్యం ఒక యువ ఉద్యోగికి ఈ జవాబే చెప్పిందని ఇటలీ కార్ల లోకంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అతను అడిగింది ఆటోక్లేవ్. లోపల వేడితోపాటు ఒత్తిడి కూడా పెంచగల పెద్ద పొయ్యి అది, ప్రెషర్ కుక్కర్‌కు పెద్దన్న అనుకోండి. కార్బన్ ఫైబర్ భాగాలు తేలిగ్గా ఉంటూనే ఉక్కులా గట్టిపడాలంటే అందులో ఉడకాలి. కంపెనీ కొననంటే ఆ ఉద్యోగి అప్పుచేసి మరీ సొంతంగా కొనుక్కున్నాడు. అతని పేరు ఒరాసియో పగాని. అర్జెంటీనాలోని కసిల్డా అనే చిన్న పట్నంలో రొట్టెలు కాల్చి అమ్మే ఒకాయన కొడుకు. పొయ్యి విలువ ఆ ఇంట్లో పుట్టినవాడికి కాక ఇంకెవరికి తెలుస్తుంది!

పగాని గురించి రాసేవాళ్లు ఎక్కువమంది ఇక్కడి నుంచి నేరుగా కలలూ పట్టుదలా విజయం అంటూ పోతారు. ఒంటిచేత్తో ప్రపంచంలోకెల్లా అందమైన కారు కట్టిన మేధావి కథ అన్నమాట. నాకు ఆ కథతోనే పేచీ. అతను తర్వాత తన పేరుతోనే పెట్టిన కార్ల కంపెనీ గొప్పదనం అంతా తానే చేసుకోవడంలో లేదు. ఏది వదిలేయాలో ముందే తేల్చుకోవడంలో ఉంది.

కారుకు గుండెకాయ ఇంజనే కదా, అక్కడి నుంచే చూద్దాం. పగాని ఇంజన్ తయారు చేయదు. 1999లో జెనీవా మోటార్ షోలో బయటికొచ్చిన మొదటి కారు జోండా సి12 నుంచి ఇవాల్టి యుటోపియా దాకా రోడ్డు మీద తిరిగే ప్రతి కారులోనూ జర్మనీ నుంచి వచ్చిన మెర్సిడెస్ వి12 (పన్నెండు సిలిండర్ల) ఇంజనే. దానికి దారి చూపింది ఐదుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన అర్జెంటీనా రేసర్ హువాన్ మాన్యుయెల్ ఫాంజియో. కుర్రాడిగా ఉన్న పగాని ఇటలీ వెళ్లడానికి సిఫార్సు ఉత్తరాలు రాసిచ్చిందీ ఆయనే, తర్వాత మెర్సిడెస్‌కు మాట కలిపిందీ ఆయనే. మొదటి కారుకు ఫాంజియో పేరే పెట్టాలనుకున్నారు. 1995లో ఆయన పోవడంతో ఆ ఆలోచన మానుకుని, ఆండీస్ కొండల మీంచి దిగే వేడిగాలి పేరు జోండా పెట్టారు. యుటోపియాలో గేర్‌బాక్స్ బ్రిటన్‌లోని ఎక్స్‌ట్రాక్‌ది, బ్రేకులు బ్రెంబోవి, టైర్లు పిరెల్లివి.

మరి పగాని చేసేదేమిటి? ఇటలీలోని మోదెనా పక్కన సాన్ చెజారియో సుల్ పనారో అనే ఊళ్లో ఉన్న ఆ కార్ఖానాలో అసలు పని గుడ్డ ముక్కలతో మొదలవుతుంది. కార్బన్ దారంతో నేసి, రెసిన్ అనే జిగురు పట్టించిన గుడ్డ అది. బయట పెడితే మెల్లగా గట్టిపడిపోతుంది కాబట్టి ఫ్రీజర్‌లో దాస్తారు. అందులోంచి తీసిన ముక్కల్ని అచ్చులో ఒకదాని మీద ఒకటి వేలితో నొక్కుతూ, మూలమూలకీ అదుముతూ పరుస్తారు. తర్వాత సంచిలో పెట్టి గాలి లాగేసి ఆటోక్లేవ్‌లోకి పంపుతారు. ఎక్కడైనా చిన్న గాలి బుడగ మిగిలినా, నేత ఒక్క పోగు పక్కకి జరిగినా, ఆ ముక్క పనికిరాదు. చాలా పగాని కార్ల ఒంటి మీద కార్బన్ నేత కంటికి కనబడుతూనే ఉంటుంది. కాబట్టి తప్పు మీద రంగు పూసి దాచే వీల్లేదు. బానెట్ నడిగీత దగ్గర ఎడమవైపు నేత, కుడివైపు నేత అద్దంలో బొమ్మలా కలుసుకోవాలి. తలుపు మూస్తే పక్క భాగంలోని గీతలు తలుపు గీతల్లోకి సాగిపోవాలి. పోచంపల్లి చీరలో ముందే కట్టు కట్టి రంగు వేసిన పోగులు మగ్గం మీద చేరి పువ్వుగా కుదరడం చూసినవాళ్లకి ఇదెంత ఓపిక పనో వేరే చెప్పక్కర్లేదు.

ఇక బోల్టులు. టైటానియంతో చేసిన ప్రతి బోల్టు మీదా కంపెనీ పేరు చెక్కి ఉంటుంది, ఎవరి కంటా పడని లోపలి బోల్టుల మీద కూడా. ఇది అతి కాదా అంటే అతే. కానీ అంత డబ్బు పోసి కొన్నవాడు ఆ అతి కోసమే వచ్చాడు.

ఇదంతా ఒట్టి సోకు అనుకుంటే పొరపాటు. కార్బన్‌లో టైటానియం పోగులు కలిపి నేసే పద్ధతి పగాని వాళ్లు సొంతంగా తయారు చేసుకున్నారు. వట్టి కార్బన్ దెబ్బ తగిలితే పెళుసుగా విరుగుతుంది, టైటానియం దాన్ని ముక్కలు కాకుండా పట్టి ఉంచుతుంది. మామూలుగా కారు పైకప్పు తీసేస్తే ఆ బలం కింద పెంచాలి కాబట్టి బరువు పెరుగుతుంది. జోండా తర్వాతి మోడల్ వైరా. 2017లో వచ్చిన దాని పైకప్పు లేని రకం, వైరా రోడ్‌స్టర్ మాత్రం పైకప్పున్న వైరా కంటే సుమారు 80 కిలోలు తక్కువ తూగింది. నా దృష్టిలో ఆ కంపెనీ చరిత్రలో అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఇదే. వేగం లెక్కలు కాదు.

ఎందుకంటే వేగం ఇప్పుడు చవకైపోయింది. యుటోపియాది 864 హార్స్‌పవర్, ధర పన్నులు కాకుండానే 21 లక్షల యూరోల పైమాట, అంటే మన లెక్కలో సుమారు 20 కోట్ల రూపాయలు. (మైలేజీ ఎంతిస్తుందని అడగకండి.) అందులో చిన్న వంతు ధరకి దొరికే టెస్లా ఫ్యామిలీ కారు సిగ్నల్ దగ్గర దాన్ని వెనక్కి నెట్టేయగలదు. ఈ సంగతి పగానికి తెలియక కాదు. 2018 నుంచి కొన్నేళ్లపాటు ఎలక్ట్రిక్ కారు మీద ఒక బృందాన్ని పెట్టి చూసి, బ్యాటరీ బరువు ఎక్కువ, అడిగే కస్టమర్ తక్కువ అని పక్కన పెట్టేశారు. దానికి బదులు యుటోపియాలో క్లచ్ తొక్కి చేత్తో వేసే ఏడు గేర్ల మాన్యువల్ ఇచ్చారు. హైబ్రిడ్ కూడా లేదు, డాష్‌బోర్డు మీద పెద్ద స్క్రీన్ లేదు, గడియారాల్లాంటి ముల్లు మీటర్లే. వైరాలో మాన్యువల్ లేదని అలిగిన పాత కస్టమర్లు దీనితో దారికొచ్చారు.

దీన్ని వెనకడుగు అనేవాళ్లున్నారు. నాకు మాత్రం వ్యాపారం తెలిసినవాడి లెక్కలా కనిపిస్తుంది. ఏడాదికి 13 వేల పైచిలుకు కార్లు అమ్మే ఫెరారీ కాలంతోపాటు పరుగెత్తక తప్పదు. ఏడాదికి ఇంచుమించు యాభై మాత్రమే చేసే కంపెనీకి ఆ టెన్షన్ లేదు. 99 యుటోపియా కూపేలకు (పైకప్పున్న రకం) ప్రపంచం మొత్తం మీద 99 మంది దొరికితే చాలు. దొరికారు కూడా, కారు చూడకముందే.

అయితే కొరతే సరుకైనప్పుడు మాట మీద నిలబడాలి. అక్కడ పగాని లెక్క కాస్త తప్పింది. జోండా అయిపోయింది, ఇదే ఆఖరుది అంటూనే కొత్త పేర్లతో కొత్త జోండాలు వస్తూ పోయాయి. 2011లో వైరా వచ్చాక కూడా ఆగలేదు, 2017లో జోండా హెచ్‌పీ బార్చెట్టా మూడు తయారయ్యాయి. డబ్బున్న అభిమాని బతిమాలితే కాదనలేకపోయాం అంటారు. సరే, ముందు 'ఆఖరుది' అని నమ్మి కొన్నవాడి మాటేమిటి?

దీనికంటే పెద్ద చిక్కు మరొకటుంది. 2021లో సౌదీ అరేబియా ప్రభుత్వ పెట్టుబడి నిధి ఈ కంపెనీలో 30 శాతం వాటా తీసుకుంది. దానితో డబ్బుకి లోటుండదు. కొడుకులిద్దరూ కంపెనీలోనే పనిచేస్తున్నారు కాబట్టి వారసత్వానికీ ఢోకా లేదు. కానీ ఇంజన్ సంగతేమిటి? యూరప్‌లో కాలుష్య నిబంధనలు బిగుసుకునే కొద్దీ పన్నెండు సిలిండర్ల ఇంజన్లు ఒక్కొక్కటీ తప్పుకుంటున్నాయి. ఏడాదికి యాభై ఇంజన్లు కొనే చిన్న కంపెనీ కోసం మెర్సిడెస్ ఎన్నాళ్లు ఓపిక పడుతుందో ఎవరు చెప్పగలరు? ఆటోక్లేవ్ లేదంటే అప్పుచేసి కొనుక్కోవచ్చు. వి12 ఇంజన్‌ని మొదటి నుంచి తయారుచేసి, పరీక్షలన్నీ గట్టెక్కించడం అప్పుతో తేలే పని కాదు. ఆ ఊళ్లో ఎంత గొప్ప నేత నేసినా, ఎన్ని బోల్టుల మీద పేరు చెక్కినా, ఈ ఒక్క విషయంలో తుది మాట జర్మనీదే.