సవరణ: చిల్కూట్‌లో మెట్లు లేవు

అలాస్కా నుంచి కొండ కనుమ మీదుగా కెనడాలోకి వెళ్లే కాలిబాట చిల్కూట్ ట్రెయిల్. దాని గైడెడ్ ట్రెక్ గురించిన మొన్నటి పోస్టులో "గోల్డెన్ స్టెయిర్స్ మెట్లెక్కి కనుమ దాటాలి" అని ఉంది. అక్కడ ఇప్పుడు మెట్లేమీ లేవు. 1897-98 చలికాలంలో, కెనడాలోని క్లోండైక్ ప్రాంతపు బంగారం కోసం బయల్దేరినవాళ్లు ఎక్కడానికి మంచులో చెక్కిన మెట్ల పేరది. వేసవిలో వెళ్తే ఎదురయ్యేది నిటారుగా పేర్చినట్టున్న బండరాళ్ల గుట్ట. రాయి కదులుతుందేమో చూసుకుని, చేతులు కూడా ఆనించి ఎక్కాలి. వాన పడిందా, ఇక జారుడే. గైడ్ ఉన్నాడు కదా అని ధీమాగా వెళ్లకండి, మోకాళ్లు మనవే!

ఆ బంగారం వేటగాళ్లు "టన్ను సామానుతో ఎక్కారు" అని అదే పోస్టులో అన్నదీ ఒక్క విడతలో కాదు. ఏడాదికి సరిపడా తిండి లేనిదే కెనడా పోలీసులు లోపలికి రానిచ్చేవారు కాదు. అందుకే చాలామంది మూటలు మోస్తూ అదే ఎత్తును పదేపదే ఎక్కి దిగారు.

అలాస్కాలోని డైయీ నుంచి కెనడాలోని బెన్నెట్ దాకా ట్రెయిల్ పొడవు 53 కిలోమీటర్లన్న లెక్కలో మార్పు లేదు.