దోమకు ఒక అణా

వైద్య పరిశోధనలో ఎవరికి ఏమి దక్కాలన్న చిక్కు ప్రశ్నను మన సికింద్రాబాదు 1897లోనే తేల్చేసింది. బేగంపేటలోని సైనిక ఆసుపత్రిలో రోనాల్డ్ రాస్ దొరగారు హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెర లోపల పడుకోబెట్టి, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున లెక్కకట్టి చెల్లించారు. ఆగస్టు 20న ఆ దోమల్లో ఒకదాని కడుపులో మలేరియా క్రిమి ఆనవాలు కనిపించింది. 1902లో దొరగారికి నోబెల్ బహుమతి వచ్చింది. ఖాన్ గారి లెక్క మాత్రం అప్పటికే చుక్తా అయిపోయింది. డాక్టరుకు కీర్తి, రోగికి రొక్కం, దోమకు భోజనం. వీరిలో ఎవరూ ఫిర్యాదు చేసిన దాఖలా లేదు. దోమను తరువాత కోసి చూశారు, అది వేరే సంగతి.

ఇంత స్పష్టమైన ఒప్పందం ఉండగా కొత్త పద్ధతులు ఎందుకు కావలసి వచ్చాయో నాకు ఇప్పటికీ బోధపడదు. బీద దేశం జబ్బు ఇస్తుంది, ధనిక దేశం డాక్టరును పంపుతుంది, రక్తం సీసాల్లో ఎక్కి విమానంలో వెళుతుంది, జ్ఞానం పత్రికలో అచ్చవుతుంది. ఆ పత్రిక చందా కట్టే స్తోమత జబ్బు ఇచ్చిన దేశానికి ఉండదు కనుక చదివి బాధపడే ప్రమాదమూ లేదు. ఈ సమతూకాన్ని 1990లో ఒక అంతర్జాతీయ కమిషన్ అంకెలతో సహా నిరూపించింది. ప్రపంచంలో నివారించదగిన మరణాల భారంలో 93 శాతం అభివృద్ధి చెందుతున్న దేశాలదట. ఆరోగ్య పరిశోధనకు అయ్యే ఖర్చులో ఆ దేశాల సమస్యలకు చేరేది 5 శాతమట. జబ్బులు ఒకచోట, డబ్బులు ఒకచోట. ఇంతకన్నా చక్కని శ్రమ విభజన ఏ అర్థశాస్త్రవేత్త చేయగలడు? కమిషన్ వారు మాత్రం దీన్ని అన్యాయమన్నారు. కమిషన్లకు వేరే పని ఉండదు.

ఇంత చక్కని ఏర్పాటును పాడుచేసింది ఎవరో కాదు, సాక్షాత్తూ అమెరికా ప్రభుత్వమే. రోడ్ ఐలండ్ నుంచి జాన్ ఫోగార్టీ అని ఒక కాంగ్రెస్ సభ్యుడు ఉండేవాడు. వృత్తిరీత్యా తాపీ మేస్త్రీ. ఇటుక మీద ఇటుక పేర్చినవాడికి దేశాల ఎత్తుపల్లాలు చూస్తే చదును చేయాలనిపించడం సహజం. 1967లో ఆయన పోయారు. మరుసటి ఏడాదే ఆయన పేరు మీద అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ అయిన ఎన్‌ఐహెచ్‌లో ఒక అంతర్జాతీయ కేంద్రం పెట్టారు. అక్కడితో ఆగినా బాగుండేది. 2004లో ఆ కేంద్రం వారు ఒరాకిల్ కంపెనీ యజమాని ఎలిసన్ గారి ఫౌండేషన్ సాయం కూడా తీసుకుని వైద్య విద్యార్థులను ఏడాదిపాటు పెరూలోని లీమాకు, జాంబియాలోని లుసాకాకు, ఢాకాకు, హైతీలోని పోర్ట్ ఓ ప్రిన్స్‌కు, మన చెన్నైకి పంపడం మొదలుపెట్టారు, క్లినికల్ పరిశోధన నేర్చుకుని రమ్మని.

ఇందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. అమెరికా విద్యార్థి ఎలా నేర్చుకుంటాడో మనకు తెలిసిందే. మొదటి నెల కడుపు సంబంధమైన పరిశోధన తన మీదే చేసుకుంటాడు. తరువాత ఎథిక్స్ కమిటీ అనుమతి కోసం ఎదురుచూస్తాడు. ఒక కమిటీ కాదు, వాళ్ల విశ్వవిద్యాలయానిది ఒకటి, ఇక్కడి సంస్థది ఒకటి. ఒకరు కామా మార్చమంటే రెండోవారు ఫుల్‌స్టాప్ మార్చమంటారు. ఆ ఖాళీలో అతడు మహాబలిపురం చూస్తాడు, ఇడ్లీ గురించి ఇంటికి ఉత్తరాలు రాస్తాడు. అనుమతి వచ్చేసరికి వేసవి. రోగులను చేర్చుకోవడం మొదలయ్యేసరికి తిరుగు టిక్కెట్టు తేదీ. శాలువా, జ్ఞాపిక, గుంపు ఫోటో. విమానం దిగేసరికి అతడు దక్షిణాసియా ఆరోగ్య సమస్యల నిపుణుడు. ఇందులో వెటకారం లేదు. పుట్టినప్పటి నుంచీ ఇక్కడే ఉన్నవాళ్లెవరూ అంత త్వరగా నిపుణులు కాలేకపోయారన్నది వాస్తవం.

డాలస్‌లో పుట్టిన మన తెలుగు పిల్లవాడిని ఎంపిక సంఘం చెన్నైకి పంపిందనుకోండి, స్థానిక భాషా పరిజ్ఞానం ఉన్నవాడని దరఖాస్తులో ప్రత్యేకంగా రాసుకుంటుంది. పిల్లవాడికి వచ్చినవి 'అమ్మమ్మ', 'పప్పు', 'చాలు'. రోగులు మాట్లాడేది తమిళం. అయినా అతడు బాగానే నెగ్గుకొస్తాడు, ఎందుకంటే పక్కన జంట ఉంటుంది.

నా ఫిర్యాదంతా ఈ జంట మీదనే. ఆ పథకంలో ప్రతి అమెరికా విద్యార్థికీ ఆతిథ్య దేశపు విద్యార్థిని ఒకరిని జత చేశారు. సరే, సిమ్ కార్డు కొనిపెట్టడానికి, ఆటోవాడితో బేరమాడటానికి, రోగి చెప్పిన పది వాక్యాలను ఒక వాక్యంగా అనువదించడానికి ఒక మనిషి అవసరమే. పూర్వం ఆ మనిషిని ఫీల్డ్ అసిస్టెంట్ అనేవారు, వ్యాసం చివర చిన్న అక్షరాల్లో కృతజ్ఞతలు చెప్పేవారు, అతడూ సంతోషించేవాడు. ఫోగార్టీ వారు అదే మనిషికి కూడా స్కాలర్ అని పేరు పెట్టారు. అమెరికా విద్యార్థితో పాటు ఎన్‌ఐహెచ్ ఉన్న బెథెస్డాకు పిలిచి, అవే పాఠాలు, అదే గదిలో, అదే టీ విరామంతో చెప్పారు. ఆ గదిలోకి రావాలంటే ఒకరు ఇంటి నుంచి కారులో రావచ్చు, ఇంకొకరు కాన్సులేట్ ముందు వరుసలో నిలబడి తాను తిరిగి వెళ్లిపోతానని రుజువు చేసుకోవాలి. అసలైన వడపోత అదే కావలసింది. అయినా కొందరు దాటుకుని వచ్చేశారు.

వచ్చినవాళ్లకు ఏమి నేర్పారయ్యా అంటే, ఎంతమంది రోగులు ఉంటే లెక్క నిలబడుతుందో ముందే తేల్చడం ఎలా, మందు పనిచేసిందా కాలం పనిచేసిందా అని విడదీయడం ఎలా, రోగికి అర్థమయ్యే మాటల్లో సమ్మతి అడగడం ఎలా, కాదంటే వదిలేయడం ఎలా, అచ్చయ్యే వ్యాసంలో ఎవరి పేరు ఎక్కడ ఉండాలి. చివరి రెండూ మరీ ప్రమాదకరమైనవి.

సమ్మతి సంగతే చూడండి. 2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసే ప్రదర్శనా కార్యక్రమం ఒకటి నడిచింది. పిల్లల్లో చాలామంది గిరిజన ఆశ్రమ పాఠశాలల వాళ్లు. ఒక్కో తండ్రిని పొలం నుంచి పిలిపించి, కూర్చోబెట్టి, ఇది ఏమిటి, ఎందుకు, వద్దంటే ఏమవుతుంది అని చెబుతూ పోతే ఎప్పటికి తెమిలేను? అందుకని హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో కార్యక్రమాన్ని నిలిపివేశాక, లెక్క తీస్తే అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 వార్డెన్ల సంతకాలతోనే ఉన్నాయని పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 నివేదికలో బయటపడింది. మరో 1,948 పత్రాల మీద వేలిముద్రలు. సంఘం మండిపడింది. నేనైతే ఆ వార్డెన్ల కార్యదక్షతకు చేతులెత్తి నమస్కరిస్తాను. అన్నం, గుడ్డ, సబ్బు, కొబ్బరినూనె తామే ఇచ్చినప్పుడు సమ్మతి కూడా తామే ఇవ్వకూడదా? ఆ ఊళ్లో సమ్మతి శాస్త్రం చదివిన కుర్రడాక్టరు ఒక్కడున్నా మొదటి రోజే పని ఆపించేవాడు. అలాంటి వాళ్లను తయారుచేయడానికి పరాయి ప్రభుత్వం డబ్బు పెడుతోందంటే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది.

ఇక పేర్ల వరుస. ఈ విషయంలో ఢాకా మనకు ఆదర్శం. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజుల్లో అమెరికా ప్రజారోగ్య సేవలో చేరిన డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అనే ఇద్దరు కుర్ర డాక్టర్లు అక్కడి కలరా ప్రయోగశాలకు వచ్చారు. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగిస్తే కలరా రోగి బతుకుతాడని 1968లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో చూపించారు. ఆ నీళ్ల వల్ల ప్రపంచంలో కోట్లమంది పిల్లలు దక్కారు. ఆ సంగతి నేను కాదనను, మా వీధి చివరి మందుల షాపులో ఇప్పటికీ ఆ పొట్లం దొరుకుతుంది. నేను చూడమనేది పేర్ల వరుస. మొదట నాలిన్, తరువాత క్యాష్, ఆ తరువాత ఇస్లాం, మొల్లా అని ఇద్దరు బెంగాలీలు, చివర పెద్దదొర ఫిలిప్స్. బెంగాలీలను ముందూ వెనకా దొరలు కాపలా కాస్తూ ఎంత భద్రంగా ఉంచారో గమనించండి. కలకత్తాలో హేమేంద్రనాథ్ ఛటర్జీ ఇంచుమించు అదే సంగతిని 1953లోనే అదే లాన్సెట్‌లో రాశారు. ఆయనకు అటూ ఇటూ ఎవరూ లేరు. ఎవరూ పట్టించుకోనూ లేదు.

ఇప్పుడు హైతీకి రండి. న్యూయార్క్‌లోని కార్నెల్‌లో చదివిన జాన్ విలియం పాప్ హాయిగా అక్కడే ప్రాక్టీసు పెట్టుకోక స్వదేశానికి తిరిగి వెళ్లారు. 1982లో జెస్కియో అనే ఎయిడ్స్ పరిశోధన కేంద్రం పెట్టారు, ఇంకా ఆ జబ్బుకు కారణమేమిటో లోకానికి తెలియనప్పుడు. ఫోగార్టీ విద్యార్థులు వెళ్లిన చోట్లలో అదీ ఒకటి. ఆ కేంద్రం వాళ్లు 816 మంది హెచ్‌ఐవీ రోగులను రెండు జట్లు చేసి, సగం మందికి మందులు వెంటనే మొదలుపెట్టారు, మిగతావారికి అప్పటి పద్ధతి ప్రకారం రోగనిరోధక కణాలు బాగా పడిపోయేదాకా ఆగారు. ఆగిన జట్టులో 23 మంది చనిపోయారు, ముందే మొదలుపెట్టిన జట్టులో ఆరుగురు. 2009లో పర్యవేక్షక సంఘం ఇక చాలు ఆపండంది. మందులు ముందుగానే మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా మార్చుకోవడంలో ఆ ఫలితానికీ వాటా ఉంది. 2010 జనవరిలో భూకంపం వచ్చి పోర్ట్ ఓ ప్రిన్స్ నేలమట్టమైంది. జులైలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో ఆ వ్యాసం వచ్చింది. మొదటి పేరు పాట్రిస్ సెవేర్, హైతీ డాక్టరు.

మొదటి పేరు! కూలిన గోడల మధ్య నుంచి వచ్చి, వరుసలో ముందుకు తోసుకుని! ఇలాంటివి చూసే కాబోలు లాన్సెట్ వాళ్లకు కూడా మతి చలించింది. ఆఫ్రికా నుంచి సమాచారం తెచ్చుకుని అక్కడి సహపరిశోధకుల ఊసెత్తని వ్యాసాలను తిప్పి పంపుతామని 2022లో కేప్‌టౌన్ సదస్సులో ప్రకటించారు. అంటే ఇకమీదట బీద దేశంలో పరిశోధన చేయాలంటే ఆ దేశం వాడిని మనిషిగా లెక్కవేయాలన్నమాట. అదనపు కాగితప్పని.

మన తెలుగునాట ఇలాంటి బెడద తక్కువే అని గర్వంగా చెప్పుకోవచ్చు. మన పీజీ విద్యార్థి థీసిస్ అంటే ఏమిటో కాలేజీ గేటు ఎదుటి జిరాక్స్ షాపుకు తెలుసు. గైడు గారు పోయినేటి శీర్షికలో ఒక మాట మార్చి ఇస్తారు. సీనియర్ పెన్‌డ్రైవ్ ఇస్తాడు. గణాంకాలు వేసిపెట్టే మనిషి ఫీజు తీసుకుని, ఫలితం కాకతాళీయమా కాదా తేల్చే 'పి' విలువను కావలసిన చోట కూర్చోబెడతాడు. నల్ల అట్ట, బంగారు అక్షరాలు, నాలుగు ప్రతులు. రాత్రి పదకొండుకు వార్డులో నలభైమంది రోగులను చూసి వచ్చిన కుర్రవాడికి ఇంతకన్నా ఏమి కావాలి? ఈ పద్ధతిలో పట్టా వస్తుంది, పరిశోధన రాదు, ఎవరికీ అపాయం ఉండదు. భారత వైద్య పరిశోధన మండలి అయిన ఐసీఎంఆర్ వారు 1979 నుంచి ఎంబీబీఎస్ పిల్లలకు రెండు నెలల పరిశోధన స్టూడెంట్‌షిప్ ఒకటి ఇస్తున్నారు, దాని వల్ల అక్కడక్కడ కొందరు చెడిపోయారు, కానీ రెండు నెలల్లో ఎంతని చెడిపోతారు?

ఫోగార్టీ వారిది అలా కాదు. ఏకు మేకైంది. 2012లో పాత పథకం ముగిసినా, వెంటనే ఇరవై అమెరికా విశ్వవిద్యాలయాలను ఐదు కూటములుగా కట్టి అదే పనిని ఇంకో పేరుతో కొనసాగించారు. జంటలో అవతలివాడు ఇప్పుడు విభాగాధిపతి. సమాచారం ఎవరి దగ్గర ఉండాలి అంటాడు. శాంపిళ్లు ఏ ఫ్రీజర్‌లో ఉండాలి అంటాడు. ఆ ఫ్రీజర్‌కు జనరేటర్ బడ్జెట్ ఏదీ అంటాడు. పరీక్ష మా ఊళ్లో చేశారు సరే, మందు వచ్చాక మా ఊళ్లో అమ్ముతారా, ఎంతకు అమ్ముతారు అంటాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. పైగా ఆ లెక్క పెట్టే విద్య మనం నేర్పిందే.

ఎట్టకేలకు వాషింగ్టన్‌కు తెలివి వచ్చింది. 2025 మే నెలలో ఎన్‌ఐహెచ్ తన గ్రాంట్ల నుంచి విదేశీ సంస్థలకు పంచి ఇచ్చే వాటాలను, కొత్త పద్ధతి తయారయ్యేదాకా నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. 2026 బడ్జెట్ ప్రతిపాదనలో అధ్యక్షుల వారు ఫోగార్టీ కేంద్రాన్నే ఎత్తివేయమన్నారు. ఎన్‌ఐహెచ్ మొత్తం ఖర్చు ఏడాదికి 4,700 కోట్ల డాలర్ల పైమాట, అందులో ఫోగార్టీ కేంద్రం వాటా సుమారు తొమ్మిదిన్నర కోట్లు. నూరు రూపాయలకు ఇరవై పైసలు. అణా అంటే ఆరు పైసల చిల్లర కనుక, హుస్సేన్ ఖాన్ గారి ధరల పట్టిక ప్రకారం మూడు దోమలు. మూడు దోమల ఖర్చు తగ్గించి ఒక మహాసామ్రాజ్యం అప్పుల నుంచి గట్టెక్కడం ఆర్థిక చరిత్రలో మొదటిసారి కావచ్చు.

ఆ ప్రతిపాదనను నేను మనసారా బలపరుస్తున్నాను, కానీ అందులో పెద్ద లోపం ఒకటి కనిపిస్తోంది. కొత్తవాళ్లకు నేర్పడం ఆపితే పాతవాళ్లు ఏమవుతారు? లుసాకాలో, లీమాలో, చెన్నైలో వాళ్లు ఇప్పటికే తమ విద్యార్థులకు నేర్పేస్తున్నారు, దానికి వాషింగ్టన్‌లో పద్దు లేదు, పద్దు లేనిదాన్ని కొట్టివేయడం ఎలా? అందుకని ఇచ్చిన చదువును తిరిగి రాబట్టే ఉత్తర్వు ఒకటి ముసాయిదా రాసి ఉంచాను. ఎవరైనా తీసుకెళ్లి ఇస్తే సంతోషం.

'2004 మొదలు నేటి వరకు శిక్షణ పొందిన విదేశీయులందరూ తాము నేర్చినది పదిహేను దినములలోగా సమీపములోని అమెరికా రాయబార కార్యాలయమున అప్పగించవలెను. గణాంక శాస్త్రము మొదట, సమ్మతి గూర్చిన జ్ఞానము పిదప, ప్రశ్నలు కడపట స్వీకరించబడును. శిష్యులకు ఇదివరకే నేర్పి యున్నచో వారిని వెంటబెట్టుకుని రావలెను. జ్ఞానము అప్పగించిన పిదప గుర్తుకు వచ్చినచో మరల దరఖాస్తు పెట్టుకొనవలెను. ఇందుకై ప్రత్యేక కిటికీ లేదు. వీసా వరుసలోనే నిలబడవలెను.'