క్రిమిగారి మీద కేసు

మా కాలనీ పార్కులో రోజూ పొద్దున ఆరున్నరకు హృద్రోగ మహాసభ కొలువుదీరుతుంది. అధ్యక్షులవారికి పన్నెండేళ్ల కిందట కాలి సిర (రక్తనాళం) తీసి గుండెకు కుట్టారు. ఆ గ్రాఫ్ట్ ఈ మధ్య మూసుకుపోయింది. దోషి ఎవరో ఆయన మొన్న తేల్చేశారు.

"ఇన్‌ఫెక్షనండీ! క్లమీడియా న్యుమోనియే!" అని అష్టోత్తరంలో నామం చదివినంత స్పష్టంగా పలికి, సిగరెట్ వెలిగించారు.

ఊపిరితిత్తులకు ఇన్‌ఫెక్షన్ తెచ్చే ఈ క్రిమిగారంటే నాకూ గౌరవమే. 1988లో ఫిన్లాండ్ పరిశోధకులు గుండెపోటు వచ్చినవాళ్ల రక్తంలో ఈయన జాడ ఎక్కువగా ఉందన్నారు. తర్వాత పూడిన ధమనుల్లోనూ, మూతబడిన గ్రాఫ్టుల్లోనూ ఆనవాళ్లు దొరికాయి. అనుమానం వచ్చింది కాబట్టి విచారణా జరిగింది. గుండెజబ్బు ఉన్న నాలుగు వేల పైచిలుకు మందిలో సగం మందికి ఏడాదిపాటు వారం వారం అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మింగించారు. ఫలితం 2005లో వచ్చింది: లాభం సున్నా. డెన్మార్క్‌లో రెండు వారాలు అలాంటిదే క్లారిత్రోమైసిన్ ఇచ్చి చూస్తే, మందు వేసుకున్నవాళ్లలోనే గుండెజబ్బు చావులు ఎక్కువయ్యాయి. క్రిమిగారు ఘటనాస్థలంలో ఉన్న మాట నిజం. హత్య మాత్రం రుజువు కాలేదు.

ఈ తీర్పు మా పార్కుకు ఇంకా చేరలేదు. అధ్యక్షులవారు లాల్చీ జేబులోంచి అజిత్రో స్ట్రిప్పు తీసి ప్రసాదంలా చూపించారు. చీటీ అక్కర్లేదట, మెడికల్ షాపు కుర్రాడు మనవాడేనట. పక్క బెంచీ ఆయన తన చిగుళ్ల వాపును కూడా కేసులో కలపమని అర్జీ పెట్టుకున్నాడు. ఇంకొకాయన, ఆపరేషన్ థియేటర్లో ఏసీ వల్లే క్రిమి దూరిందని సాక్ష్యం చెప్పాడు.

"మరి కొలెస్ట్రాల్ మాత్రలు?" అన్నాను.

"లివర్ పాడవుతుందని మూడేళ్ల కిందే మానేశా."

సభ హర్షించింది.

అయ్యా, కాలి సిర తక్కువ ఒత్తిడికి అలవాటు పడింది. దాన్ని తెచ్చి ధమని ఒత్తిడిలో పెడితే గోడ మందమెక్కుతుంది, ఆపైన కొవ్వు పేరుకుంటుంది. పదేళ్లలో ఇలాంటి గ్రాఫ్టులు సగానికి దగ్గరగా మూతబడతాయి. పొగ, షుగరు, కొలెస్ట్రాల్ ఆ పనిని తొందరపెడతాయి. ఇది డాక్టరు చెప్పలేదా? చెప్పాడు! ప్రతిసారీ చెప్పాడు! ఆ బైపాస్‌కి మీ ఆవిడ గాజులు తాకట్టుకెళ్లాయి, ఇప్పుడు స్టెంటుకి మీ అబ్బాయి అప్పు కోసం తిరుగుతున్నాడు. మీరేమో వేళ్ల సందున సిగరెట్ పెట్టుకుని, కంటికి కనపడని పురుగు మీద చాడీలు చెబుతున్నారు. సిగ్గుండాలి!

ఇదంతా నోరు దాటి బయటికి రాలేదు. ఆయన పెద్దాయన, నాకు వరసకు బాబాయి.

"నీకూ ఛాతీలో మంట అన్నావుగా, ఉంచు" అంటూ స్ట్రిప్పు నా చేతిలో పెట్టారు. మూడుండాల్సిన చోట రెండే ఉన్నాయి.

"ఒకటి నిన్న మనవడికి వేశాంలే, జలుబు చేస్తే."